పురుడు పోసిన చేతికి నీళ్ల వంతు

1985 సెప్టెంబరు: ఆరోగ్య కేంద్రం నర్సు ఊరి బోరింగు పిడి ముట్టరాదని, ఆమె బకెట్టు వరుసలో అందరి కడవల తరువాతే ఉండాలని, ఇంకెవరైనా కొట్టి ఎత్తు నుంచి ఆమె బకెట్టులో పోయాలని బోరింగు కమిటీ తీర్మానం.

1986 ఫిబ్రవరి: కాన్పు గదికి ఒక నీళ్ల తొట్టి కట్టించమని ఆమె పెట్టుకున్న అర్జీ తాలూకా ఆఫీసుకు అందినట్టు ముద్ర. ముద్ర తరువాత ఏమీ లేదు.

1986 ఏప్రిల్: కాన్పుకు వచ్చినవారే కాన్పు గదికి పురుగుమందు డబ్బాలో నీళ్లు తెచ్చుట. ఆ నీళ్లు పారబోసినందుకు ఆమె మీద ఊరి మహజరు, అంటే ఊరివారి వేలిముద్రలతో ఫిర్యాదు.

1986 మే: బోరింగుకు శుద్ధి. ఖర్చు ఆమె నెత్తిన.

1986 జూన్: చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పమని ఆరోగ్య శాఖ నుంచి ఆమెకు నోటీసు.

1986 జులై: ఆమె ఇచ్చిన సమాధానం. దాని మీద శాఖవారి నిర్ణయం ఆ ఏడంతా రాలేదు.

1987 జనవరి: ఆమె ప్రయాణం.

ఈ తేదీలు నేను అప్పటికప్పుడు వ్రాసిపెట్టుకున్నవి. వేరుశనగ రైతుల సహకార సంఘంలో కార్యదర్శిగా ఉద్యోగం చేసినవాణ్ణి. ఎవరు ఎప్పుడు ఏమన్నారో వ్రాసుకోవడం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు. ఉద్యోగం అయిపోయింది, అలవాటు అయిపోలేదు. ఈమధ్య జిల్లా కేంద్రంలో ఒక సభకు వెళ్లాను. మన నర్సులూ డాక్టర్లూ పరాయి దేశాలకు ఎందుకు పోతున్నారనే విషయం మీద వేదిక మీది పెద్దమనిషి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. ఆయనకు దొరికిన కారణం ఒక్కటే, డబ్బాశ. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ కారణం పూర్తిగా అబద్ధమని నేననను. కానీ ఒక మనిషి విషయంలో మిగతా కారణమంతా మా ఊరి బోరింగు దగ్గర జరిగింది. దానికి నేను సాక్షిని.

పావగడ నుంచి వై.ఎన్.హొసకోటకు పోయే బస్సుల దారిలో ఉంటుంది మా ఊరు; రాష్ట్రం కన్నడం, ఇళ్లలో తెలుగు. పేరు వ్రాయను. వ్రాస్తే అది ఆ ఒక్క ఊరి సంగతి అనుకుని మిగతా ఊళ్లు చేతులు దులుపుకుంటాయి. ఆ ఏళ్లలో విత్తనానికి వాన పడేది, వేరుశనగకు ఊడలు దిగే వేళకు మొహం చాటేసేది. శెనక్కాయ చెట్టు పీకితే వేళ్లకు మట్టి తప్ప కాయ వచ్చేది కాదు. చేదబావులు ఎండాయి, ఊరవతల దళితుల కాలనీలో వేసిన బోరింగు ఎండింది. ఊరంతటికీ పాఠశాల ముందరి బోరింగు ఒక్కటే మిగిలింది. అది కూడా ఎండాకాలంలో చాలాసేపు ఊరికే కొట్టించుకుని తరువాత గానీ నీళ్లిచ్చేది కాదు. అందుకని ఒక కమిటీ పెట్టారు. ఇంటికి ఒక వంతు. తెల్లవారక ముందే కడవలు తెచ్చి వరుసగా పెట్టేవారు. మనుషులు ఇళ్లకు పోయినా కడవలు వరుసలో నిలబడి ఉండేవి. మరొకరి కడవను జరపడం మా ఊళ్లో పెద్ద తప్పు. అన్నదమ్ములు విడిపోయిన సందర్భాలున్నాయి.

ఆ కమిటీకి అధ్యక్షుడు ఊళ్లో పెద్ద రైతు. తోటలో మోటారున్నవాడు, కనుక మొదట్లో ఆయనకు బోరింగుతో పని లేదు. పని లేనివాడే అధ్యక్షుడైతే పక్షపాతం ఉండదని ఊరు అనుకున్నది. నేను సభ్యుణ్ణి, తీర్మానాలు వ్రాయడం నా వంతు. మొదటి నియమాల్లోనే ఒకటుంది: పురుడు గానీ చావు గానీ అయిన ఇంటివారు పదకొండు రోజులు పిడి ముట్టరాదు, పక్కింటివారు తోడి పోయాలి. అది మా పెద్దల నాటి నుంచి బావుల దగ్గర ఉన్న నియమమే. పెద్ద ఇంటికీ చిన్న ఇంటికీ ఒకటే కనుక అప్పట్లో దాని మీద ఎవరికీ అభ్యంతరం కలుగలేదు.

నర్సు 1985 జూన్‌లో వచ్చింది. గౌరీబిదనూరు వైపు అమ్మాయి, బెంగళూరులో మూడేళ్లు చదివి వచ్చినది. అక్కడా ఇదే మట్టి, ఇదే తెలుగు. ఊరు ముందుగా కులం అడిగింది. ఊరికి ఒప్పుదలైన కులమే అని తేలింది. ఆ వారంలో ఆమెకు ఇంటింటా కాఫీ ఇచ్చారు. ఆమె కాన్పులు చేయడం మొదలుపెట్టిన తరువాత కాఫీలు తగ్గాయి.

కారణం చెబుతాను. అంతవరకు ఊళ్లో కాన్పులు చేసింది మంత్రసాని. ఆమె కాలనీ చివర ఉండేది, ఆమెకు గింజలు చేటలో పోసేవారు, ఆమె గడప దాటి లోపలికి వచ్చేది ఒక్క కాన్పుకే. బిడ్డను పట్టుకునే ఆడమనిషి అంటే ఊరికి తెలిసినది ఆ ఒక్క రకమే. ఇప్పుడు అదే పని చేసే మనిషి తెల్లచీర కట్టుకుని, ప్రభుత్వ జీతం తీసుకుంటూ, ఊరి నడుమ బోరింగు దగ్గరికి వచ్చి నిలబడింది. ఏం చేయాలో ఊరికి తోచలేదు. సెప్టెంబరులో కమిటీ కూర్చుంది.

అధ్యక్షుడు అన్నాడు: "ఆయమ్మ మీద మనకు కోపమేం లేదప్పా. మంచి పిల్లనే. కానీ ఇసయం చూడండి. ఒక కాన్పు చేస్తే పదకొండు దినాలు మైల. ఆ పదకొండు తీరకముందే ఇంకోటి వస్తాది. అది తీరకముందే ఇంకోటి. ఇంగ ఆయమ్మకు మైల తీరేది ఎప్పుడు?"

"ఉద్యోగం మానినంక," అన్నాడు ఒకడు. నవ్వారు.

"డాక్టరు సంగతేంది?" అని నేనడిగాను. డాక్టరు వారానికి రెండు రోజులు బస్సులో వచ్చి పోయేవాడు. ఆయన కుర్చీ పక్కన పెట్టడానికి ప్రతిసారీ ఊరే ఒక బిందె నీళ్లు పంపేది; ఎవరూ అడగలేదు, ఏ తీర్మానమూ లేదు.

"డాక్టరు యాడన్నా పురుడు పోసినాడా? ఆయప్ప కుర్చీలో కూచోని మందుల సీటీ రాస్తాడు. కుర్చీకి మైల యాడుంటాది?"

మళ్లీ నవ్వారు. తీర్మానమయింది. నాకు సమ్మతం లేదని దాని కిందనే వ్రాశాను. ఆ లెక్క పుట్టిన తీరు మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. ఒక ఇంటికి పదకొండు రోజుల పాటు ఉండే నియమాన్ని ఒక మనిషికి జన్మంతా ఉండేటట్టు చేశారు. అదీ ఆమె తమ ఇళ్లలో బిడ్డల్ని బతికించినందుకు. ఎత్తు నుంచి నీళ్లు పోయడం ఎలాగో ఊరికి ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు. కాలనీవారి విషయంలో తరతరాలుగా సాధన చేసిన విద్యే అది.

నర్సు గొడవ చేయలేదు. రోజూ సాయంత్రం బకెట్టు తెచ్చి చివర పెట్టేది. ఎవరికి తీరిక ఉంటే వారు పోసేవారు. చాలా రోజులు నా భార్యే పోసేది. ఒకనాడు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె నాతో అన్నది:

"నా తాగే నీళ్లకు నేను ఓర్చుకుంటా సార్. కాన్పు గదికి నీళ్లు కావల్ల కదా. కత్తెర్లు ఉడకబెట్టల్ల, చేతులు కడుక్కోవల్ల, తల్లిని తుడవల్ల. ఒక్క బకెట్టుతో ఏది చేసేది?"

"తొట్టి కట్టించమని అర్జీ పెట్టు."

"పెడతా. పెట్టినా వాళ్లు తొట్టి ఇచ్చేంత వరకు బోరింగులో నాకు వంతు ఒకటుంటే చాలు సార్. అందరి మాదిరి ఒక వంతు. మా జతలో చదివినామె మస్కట్ నుంచి రాసింది, రమ్మని. నేను రానన్నా. ఈడ నా మాట అందరికీ అర్థమవుతాది, అందరి మాట నాకర్థమవుతాది. వంతు ఇప్పించండి, నేను ఈడనే ఉంటా."

ఆమె అడిగింది అంతే. ఈ వ్రాతలో ఉన్నదంతా ఆ ఒక్క వంతు కథ. దాన్ని నేను కమిటీ ముందు రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ తోసేశారు. అర్జీ నేనే సరిచూసి పంపించాను. దాని గతి పైన వ్రాశాను.

కాన్పు గదికి నీళ్ల సంగతి ఊరు తనకు తోచినట్టు సర్దుకుంది. ఎవరి కాన్పుకు వారు నీళ్లు తెచ్చుకునేవారు. అయితే కాన్పు గదిలోకి పోయిన పాత్ర మైలపడుతుంది, మళ్లీ వంటింట్లోకి రాదు. ఇత్తడి బిందెను ఎవరు వదులుకుంటారు? కుండ కూడా దుబారానే. కనుక పారేయదగిన పాత్ర వెతికేవారు. ఆ ఏళ్లలో మా ఇళ్లలో పారేయదగిన పాత్ర అంటే పురుగుమందు డబ్బా. అంతకు ముందు ఏడు ఎర్ర గొంగళి పురుగు దండులాగా వచ్చి శెనక్కాయ చేలను ఈనెలు తప్ప మిగలకుండా తిన్నది. మా సంఘం గోడౌను నుంచే మందు డబ్బాలు అమ్మాము. ఖాళీ అయిన తరువాత వాటిని పారేయమని చెప్పినా ఎవరూ పారేయలేదు. పుర్రె బొమ్మను ఇసుకతో గీకేసి కిరసనాయిలుకు ఒకరు, కుడితికి ఒకరు, పెరట్లో కాళ్లు కడుక్కోవడానికి ఒకరు వాడుకున్నారు.

ఏప్రిల్‌లో అధ్యక్షుడి కోడలికి నొప్పులు వచ్చాయి. అప్పటికి ఆయన తోటలో మోటారు కూడా గాలే తోడుతోంది. ఆ ఇల్లు కూడా బోరింగు వరుసకు వచ్చింది. ఆరోగ్య కేంద్రానికీ మా గోడౌనుకూ ప్రహరీ ఒకటే. పగటి పూట, నేను గోడౌను అరుగు మీద ఉన్నాను. అధ్యక్షుడి భార్య తలమీద డబ్బా పెట్టుకుని వచ్చి కాన్పు గది వాకిట్లో దించింది. నర్సు బయటికి వచ్చి డబ్బా మీదికి వంగి, వెంటనే మొహం వెనక్కి తీసుకుంది.

"అత్తా, ఈ డబ్బాలో ముందు ఏముండేది?"

"ఏముంటాదమ్మా. శెనక్కాయకు కొట్టే మందు. మూడు తూర్లు బూడిదేసి కడిగినాను లే."

"వాసన పోలేదే. ఈ నీళ్లతో నేను బిడ్డను తుడిచేదా?"

"మరి మంచి బిందె తెస్తే మళ్లీ ఇంట్లోకి ఎట్ల తీసుకుపోయేది? నువ్వే చెప్పు. నీకు తెలీదా?"

"మీ ఇంట్లో బిందెలు ఎన్నుండాయో నాకు తెలుసు అత్తా."

"బిందెలుంటే నీకు తేవల్లనా?"

లోపలి నుంచి కోడలి కేక వినిపించింది. నర్సు డబ్బాను కాలితో ఒరగదోసింది. నీళ్లు మట్టిలోకి ఇంకిపోయాయి. తెల్లటి నురగ కొంచెం సేపు నిలిచింది. అది నేను దగ్గరికి వెళ్లి చూశాను. ఆమె లోపలికి పోయి కోడలిని చూసి, ఆయాకు ఏదో చెప్పి, గది బకెట్టు పట్టుకుని, చేతులకు ఉన్న నెత్తురుతోనే బోరింగు దగ్గరికి నడిచింది. నేను వెంట వెళ్లాను.

వరుసలో ఆడవాళ్లున్నారు. ఒకామె ముందే అరిచింది: "ఏ నర్సమ్మా, పిడి ముట్టాకు. ఆడనే నిలబడు."

"ఆడ కాన్పవుతాంది. దారి ఇయ్యండి."

"కాన్పు మాకు కొత్తనా? మేమంతా కనలేదా? వరస వరసనే."

నా భార్య కడవ ఆ పూట మూడోదో నాలుగోదో. ఆమె ముందుకు వచ్చి, ముందున్న కడవల్ని తన చేతులతోనే పక్కకు జరిపింది. "నా వంతు ఈ పాపకు ఇచ్చినా. కడవలు జరిపింది నేను. ఎవురన్నా ఏమన్నా అనేదుంటే సాయంత్రం మా ఇంటికి రండి," అని పిడి పట్టబోయింది. అప్పటికే నర్సు పిడి పట్టుకుని కొడుతోంది. చాలాసేపు ఊరికే కొట్టించుకుని బోరింగు నీళ్లిచ్చింది. బకెట్టు నిండింది, ఆమె పోయింది. పిడికి అంటిన నెత్తుటి మరకను చూసి ఇద్దరు తమ కడవలను ఎత్తుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. సాయంత్రానికి అధ్యక్షుడు బెల్లం పంచాడు. మరునాడు మహజరు వ్రాయించాడు.

ఈ రెండు పనుల మధ్య ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. నాకు అన్నిటికంటే రోత పుట్టించింది అదే. మహజరు నన్నే వ్రాయమన్నారు. నా దస్తూరి బాగుంటుందట. ఏం వ్రాయాలని అడిగాను. నర్సు బలవంతంగా బోరింగు ముట్టి మైలపరచినది, గ్రామస్థుల కడవలను తోసివేసినది, కరువు కాలములో ఒక డబ్బా నీటిని నేలపాలు చేసినది. ఇవి మూడూ.

"డబ్బా ఏ డబ్బానో కూడా వ్రాద్దాం," అన్నాను.

"అదెందుకప్పా? డబ్బా డబ్బానే."

"కడవలు జరిపింది నా భార్య. అది కూడా వ్రాద్దాం."

"మీ ఇంటి ఆడోళ్ల పేరు యాల మహజర్లో? మర్యాదగా ఉంటాదా? నీ మంచికే చెప్తాండా."

నేను వ్రాయలేదు. ఇంకొకరు వ్రాశారు, వేలిముద్రలు పడ్డాయి. బోరింగు దగ్గర తమ కడవలు ఇంటికి తీసుకుపోయినవారూ వేశారు, అక్కడ లేనివారూ వేశారు. జరిగింది జరిగినట్టు నేను వేరుగా వ్రాసి, సంతకం చేసి, మహజరు పోయిన ఆరోగ్య శాఖ ఆఫీసుకే పంపాను. మేలో పసుపు నీళ్లు, టెంకాయ, దేవత పూనే గణాచారి, డప్పు పెట్టి బోరింగుకు శుద్ధి చేశారు. తమ ఇంటి బిడ్డకు పదకొండో రోజు పురుటి శుద్ధి చేసుకుంటారు గదా, అదే వైభవంతో. ఖర్చు నర్సు ఇచ్చుకోవాలన్నారు. ఆమె ఇవ్వనంటే ఆ నెల పొడవునా ఆమె బకెట్టులో ఎవరూ నీళ్లు పోయకుండా చూశారు, మా ఇంటివాళ్లు తప్ప. చివరికి ఆమె ఇచ్చింది. ఎందుకిచ్చావమ్మా అంటే, "ఇంకో కాన్పు ఉండాది సార్ ఈ వారంలో. నీళ్లు కావల్ల," అన్నది.

జూన్‌లో నోటీసు వచ్చింది, కన్నడంలో టైపు చేసి. ప్రజల నీటిని వృథా చేసి శాంతికి భంగం కలిగించినందుకు చర్య ఎందుకు తీసుకోరాదు? డాక్టరు వచ్చిన రోజు ఆమె ఆ కాగితం పట్టుకుని వెళ్లింది. నన్ను కూడా రమ్మంటే వెళ్లాను.

"డబ్బా పురుగుమందుదని మీరు ఒక మాట రాసివ్వండి సార్, చాలు," అన్నది.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను చూశానామ్మా? ఆ రోజు నా క్యాంపు వేరే కదా. వీళ్లతో ఎందుకు నీకు? ఊరన్నాక అడ్జస్ట్ చేసుకోవాలి. తప్పయింది, మళ్లీ జరగదు అని ఒక లైను రాసిచ్చేయ్. ఫైలు నేను మూయిస్తాను."

"ఏది మళ్లీ జరగదు సార్? విషం పారబోసేదా, కాన్పు చేసేదా?"

"భలే మాట్లాడతావమ్మా నువ్వు," అని డాక్టరు నవ్వి, పక్కనున్న బిందెలో నుంచి గ్లాసుతో నీళ్లు ముంచుకుని తాగాడు.

జులైలో ఆమె తన సమాధానం తానే వ్రాసి ఇచ్చింది. తప్పయిందని వ్రాయలేదు. అప్పటి నుంచి ఎదురుచూపు. నేను పావగడ ఆఫీసుకు పనిగట్టుకుని వెళ్లి అడిగాను. ఫైలు జిల్లా ఆఫీసుకు, తుమకూరుకు పోయిందన్నారు. తుమకూరులో ఫైలు పావగడలోనే ఉందన్నారు. ఈలోగా ఆమెకు రావలసిన ఇంక్రిమెంటు ఆగింది, అడిగిన బదిలీ ఆగింది. నోటీసు పెండింగులో ఉన్న మనిషికి ఏదీ ఇవ్వరాదట. కాన్పులు మాత్రం ఆగలేదు. నోటీసు పెండింగులో ఉన్న మనిషి కాన్పు చేయరాదని ఏ ఆఫీసూ అనలేదు, ఏ ఊరూ అనలేదు. మా ఊరివారు మునుపటిలాగే నొప్పులు పడే కోడళ్లను తెచ్చి దింపేవారు. డబ్బాల విషయంలో ఆమె గట్టిగా నిలబడింది గనుక ఇప్పుడు పగిలిన కుండల అడుగులలో నీళ్లు తెచ్చేవారు.

దసరా తరువాత ఆమె బెంగళూరు వెళ్లి వచ్చింది. మస్కట్ ఉద్యోగాల ఏజెంటును కలిశానని నా భార్యతో చెప్పింది. "మొదటి తూరి రానన్నా పెద్దమ్మా. రెండో తూరి పిలిచేంత వరకు ఆగినా. మీరు ఏమనుకోవద్దండి." నా భార్య ఏమీ అనుకోలేదు. నేను మాత్రం డిసెంబరులో కమిటీని మరోసారి కూర్చోబెట్టి, ఆమె పోవడానికి సిద్ధపడుతోందని, ఒక వంతు ఇస్తే ఇప్పటికైనా ఉంటుందేమోనని చెప్పాను.

"పోనీలేప్పా," అన్నాడు అధ్యక్షుడు. "ఒకరు పోతే ఇంకొకరిని పంపరా? గవర్నమెంటు ఉండేది ఎందుకు?"

జనవరి మొదట్లో ఆమె రాజీనామా ఇచ్చింది. రాజీనామా అంగీకరించాలంటే నోటీసు తేలాలి. ఆ ఏడంతా ఎక్కడుందో ఎవరికీ తెలియని ఫైలు ఆ వారంలో దొరికింది. ఆరోపణలకు ఆధారం లేదని కాదు, ఆమె నిర్దోషి అని కాదు. ఉద్యోగి ఉద్యోగంలో లేనందున చర్య అవసరం లేదని వ్రాసి మూసేశారు. ఆమె ఉండటానికి కావలసి వచ్చినప్పుడు దొరకని సంతకం, పోవడానికి వెంటనే దొరికింది.

తరువాతి సంగతి ఊరికి తెలుసు. ఆమె స్థానంలో మనిషి రాలేదు. నొప్పులు పడే ఆడవాళ్లను ట్రాక్టరు తొట్లో గోనెసంచుల మీద పడుకోబెట్టి పావగడకు తీసుకుపోయేవారు. మంగళవాడ మలుపు దగ్గర ఒకామె తొట్లోనే కన్నది. బిడ్డ దక్కలేదు. ఆ రోజు కూడా ఊరు నర్సునే తిట్టింది. "దుడ్డుకు పోయింది. మనూరి ఉప్పు తిని పోయింది." తిన్న ఉప్పు ఎవరిదో, ఆమె తాగిన నీళ్లు ఎవరు ఎత్తి పోశారో అడిగినవారు లేరు.

1991లో ఆమె సెలవు మీద వచ్చి నా భార్యను చూడడానికి మా ఊరు వచ్చింది. ఆ వార్త తెలిసి గంటలోపల అధ్యక్షుడి ఇంటి నుంచి పిలుపు. నన్నూ రమ్మన్నారు, చూడాలని నేనూ వెళ్లాను. ఆమెను అరుగు మీద మంచం వేసి, దుప్పటి పరిచి కూర్చోబెట్టారు. వెండి గ్లాసులో కాఫీ.

"ఆడ ఏం పనిస్తారు పాపా నీకు?" అని అధ్యక్షుడి భార్య అడిగింది.

"ఇదే పని అత్తా. కాన్పులు."

"దినామూనా?"

"దినామూ. ఒక్కోనాడు ఐదారు."

అధ్యక్షుడి భార్య చక్కెర డబ్బా ముందుకు జరిపింది. "ఇంకొంచెం ఏసుకో. మా చెల్లెలి మనవరాలు నర్సింగు చదువుతాంది, చింతామణిలో. ఆ పిల్లకు అట్ల ఏమన్నా దారి చూపిస్తావేమోనని." అదే అరుగు మీద ఆ కాన్పులో పుట్టిన పిల్ల పలక మీద వ్రాసుకుంటోంది. తాగి పెట్టిన వెండి గ్లాసును ఆ ఇంటి కోడలు తన చేతులతో ఎత్తుకుని తిన్నగా వంటింట్లోకి పోయింది. మైల అనే మాట ఎవరి నోటా రాలేదు. లెక్క ప్రకారం రోజుకు ఐదారు కాన్పులు చేసే మనిషికి మైల ఇంకా పెరగాలి. అక్కడి డబ్బు తగిలేసరికి ఊరు లెక్కనే మరిచిపోయింది. నేను కాఫీ తాగలేకపోయాను.

ఇంటికి నడుస్తూ ఆమెను అడిగాను, ఇంత దూరం పోవడానికి కారణం డబ్బేనా అని.

"దుడ్డు కూడా సార్. కాదని అబద్ధం చెప్పను. ఆడ అంతా బాగుంటాదనీ చెప్పను. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు, సెలవు వాళ్లిచ్చినప్పుడే. కేకలేస్తారు. కానీ కాన్పు గదిలోనే కొళాయి ఉండాది. తిప్పితే నీళ్లు వస్తాయి. నేను తిప్పిన కొళాయినే నా పక్కనామె తిప్పుతాది." కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నది: "ఈడ తప్పు చేయలేదని ఎవురన్నా ఒక లైను రాసిచ్చింటే ఉంటాంటినేమో. తెలీదు సార్ ఇప్పుడు."

ఆమె మళ్లీ వెళ్లిపోయింది. మరుసటి ఏడు అధ్యక్షుడు, అప్పటికి మండల పంచాయతి సభ్యుడు, మరి నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఒక అర్జీ రాయల్ల సార్. నర్సు లేక మనూరి ఆడోళ్లకు శానా ఇబ్బందయితాంది. నీ దస్తూరి అయితే ఆఫీసరు సదువుతాడు."

"వ్రాస్తాను. వచ్చే మనిషికి బోరింగులో వంతు ఉంటుందని మీరు ముందు వ్రాసివ్వండి."

"అదేం మాట? ముందు రానీప్పా. వచ్చినంక చూద్దాం."

"ముందొచ్చినామె విషయంలో వచ్చాక ఏం చూశారో నాకు తెలుసు."

"నువ్వు ఊరికి మంచి జరగాలని చూడవు గదా," అని లేచారు.

వారి వెనకనే నా షరతును కాగితం మీద పెట్టి, మండల పంచాయతికి ఒక ప్రతి, ఆరోగ్య శాఖ తాలూకా కార్యాలయానికి ఒక ప్రతి పంపాను. దాని వ్రాత ఇది. ఇంతవరకు దానికి జవాబు రాలేదు గనుక ఇక్కడ మరల అదే అడుగుతున్నాను.

అయ్యా, ఈ గ్రామానికి ఇకముందు పంపబడే నర్సుకు గ్రామంలోని ఏ నీటి వసతి వద్దనైనా, తక్కిన ఇళ్లతో సమానంగా, వరుసలో తన వంతు ప్రకారం, తన చేతితో నీళ్లు తీసుకునే హక్కు ఉంటుందా, ఉండదా? ఉంటుందంటే ఆ మేరకు 1985 సెప్టెంబరు నాటి తీర్మానం రద్దయినట్టు పంచాయతి సభ్యులందరి సంతకాలతో తెలియజేయగలరు. ఉండదంటే అదే సంగతిని, కారణంతో సహా, అవే సంతకాలతో తెలియజేయగలరు. ఉద్యోగానికి వచ్చే మనిషి చదువుకుని రావడానికి పనికివస్తుంది. ముందు పనిచేసిన నర్సు 1986 జులైలో ఇచ్చిన సమాధానంపై ఆమె దోషా, నిర్దోషా అన్నది ఆరోగ్య శాఖవారు ఆమె పేర నేరుగా, ఆమె ఇప్పుడున్న దేశానికే వ్రాయవలెను. నోటిమాటగా చెప్పే జవాబు అంగీకరించబడదు. జవాబు లిఖితపూర్వకంగా అందే వరకు ఈ గ్రామం తరఫున నర్సును కోరే ఏ అర్జీ నా చేత వ్రాయబడదు.